మంచానికి ఆ చివర పాట

నాదమూర్తివైన నలినజురాణివి
పలుకుతల్లి! నిన్ను భక్తిఁ గొలుతు
వినెడు చెవులకెల్ల వినికిడి నొసగవే
కథను చెప్పు నోటఁ గదలుమమ్మ

అని వాగ్దేవికి కైమోడ్చి, చెవి మనిషిని ఎట్లా దారి తప్పిస్తుందో, మళ్ళీ ఎట్లా దారికి తెస్తుందో తెలిపే ఈ కథను ఆరంభిస్తున్నాము.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, ఆ పేరుతో పిలిస్తే అతడే వెనుదిరిగి చూసేవాడు కాదు. లోకానికి అతడు దరువు. భోజనానికి కూర్చుంటే కంచం అంచు మీద, బస్సెక్కితే ముందు సీటు వీపు మీద, పరీక్షకు పోతే బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉండేవాడు గనుక చిన్ననాడే ఆ పేరు స్థిరపడిపోయింది. చదువు నిమిత్తం పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. చదువు ముగిసింది, అతడు మాత్రం కదలలేదు. పెద్దమ్మ పొమ్మనలేదు, అతడు పోతాననలేదు. రెండు గదుల ఆ మేడఇంట్లో ఒక గది ఆమెది, గోడకు ఇవతలి గది ఇతనిది.

పెద్దమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగం చేసి విరమించిన మనిషి. యౌవనమంతా ఒక చెవికి యంత్రం తగిలించుకొని, రెండో చెవిని పక్కసీటు ముచ్చట్లకు వదిలిపెట్టి, ఎవరెవరి మాటలనో ఎవరెవరికో కలిపి పుణ్యం కట్టుకున్నది. అందుకే మేనకోడళ్ళూ పక్కింటివాళ్ళూ దరువు చేపట్టిన డీజే వృత్తిని చూసి మూతి విరిచినా ఆమె మాత్రం విరవలేదు. అతడు హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించి, రెండో చెవిని బయటకు వదిలి నిలుచోవడం మొదటిసారి చూసిన రోజున కడుపుబ్బ నవ్వింది.

"ఇదేమిట్రా, నా కొలువు నీకొచ్చిందా? పెన్షను కూడా ఇస్తారేమో కనుక్కో."

దరువు వాయించే, హౌస్ అని పిలిచే నృత్యసంగీతపు స్వభావాన్ని ఇక్కడ రెండు మాటల్లో చెప్పుకోవాలి. అందులో డోలు దెబ్బ ఎగుడుదిగుడు లేకుండా, నిదానంగా నడిచే ఆరోగ్యవంతుడి అడుగులా, మొదటినుంచి చివరిదాకా పడుతూనే ఉంటుంది. దాని కింద బేస్ అనే మంద్రస్వరం పారుతుంది. దాని మీద ఒక చిన్న మాటో, ఒక రాగపు తునకో మళ్ళీ మళ్ళీ వచ్చి పోతుంది. ఒక పాట ముగియకముందే రెండో పాటను ఒంటిచెవిలో విని, దాని నడకను దీని నడకతో సరితూచి, ఆడేవారి అడుగు తడబడకుండా ఇందులోంచి అందులోకి దాటించడం డీజే పని. ఆ దాటింపులో దరువును మించినవాడు ఆ నగరంలో లేడు. అతడు రెండు పాటలను కలిపితే అతుకు ఎక్కడుందో పాట చేసినవాడే పోల్చుకోలేకపోయేవాడు.

మొదట స్నేహితుల పుట్టినరోజుల్లో, తర్వాత పెళ్ళి విందుల్లో, ఆ తర్వాత ఒక హోటలు పైకప్పు మీద వాయించాడు. అక్కడ భోంచేసేవాళ్ళు "కాస్త సౌండు తగ్గించండి" అని చీటీలు పంపేవారు. ఇట్లా కొన్నేళ్ళు గడిచాక పాత స్కేటింగు హాలులో అడుగుపెట్టాడు.

ఆ హాలును నడిపేది ఒక నడివయసు ఇల్లాలు. ఒకప్పుడు పిల్లలు చక్రాల బూట్లతో తిరిగిన చెక్కనేలను ఆమె నునుపు చేయించి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం నృత్యానికి తెరిచేది. ఆసుపత్రి నర్సులు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, కళాశాల విద్యార్థులు, పిల్లల్ని అమ్మమ్మలకు అప్పగించి వచ్చిన దంపతులు అక్కడ చేరేవారు. సూర్యుడు కిటికీల్లోంచి దిగిపోయే వేళకు ఇళ్ళకు మళ్ళేవారు. ఆ ఆదివారపు గద్దె మీద ఎవరు నిలబడితే వారి పేరు తక్కిన హాళ్ళకు పాకేది. అప్పటిదాకా అక్కడ వాయించిన పెద్దాయన వేరే ఊరికి తరలిపోతున్నాడని తెలిసి, దరువు ఆమె వద్దకు వెళ్ళాడు.

"నీ చేయి మంచిది బాబూ, కాదనను" అన్నదామె, టికెట్ల బల్ల తుడుస్తూ. "కానీ నువ్వు ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళ పాటలే కలుపుతావు. నాకు ఆ గద్దె మీద సొంత పాట ఉన్నవాడు కావాలి. వెండిజుట్టు కూడా అడుగుతున్నాడు. వాడికి నాలుగు పాటలున్నాయి."

వెండిజుట్టు అంటే దరువు ఈడువాడే. జుట్టుకు వెండిరంగు వేసుకుని తిరిగే మరో డీజే.

"వాడి నాలుగు పాటలూ ఒక్కలాగే ఉంటాయి మేడమ్" అన్నాడు దరువు.

"ఒక్కలాగైనా ఉన్నాయి కదా. నీ దగ్గర అదీ లేదు. ఒకటి చేసుకురా. నా నేల మీద జనం దానికి నిలిచి ఆడితే గద్దె నీది."

దరువు మనసులో ఆ మాట మేకులా దిగింది. ఇతరుల పాటలను ఎంత అందంగా కలిపినా తాను దారి చూపే మనిషే గాని దారి వేసిన మనిషి కాడు. ఇప్పుడు వేయలేకపోతే ఇక వేయలేడని అతనికి తోచింది.

ఇంటికి వచ్చి గది సర్దాడు. మంచాన్ని నిలబెట్టి గోడకు ఆనించాడు. రాత్రిళ్ళు మాత్రం దించుకునేవాడు. కంప్యూటరు ఉన్న బల్లను, రెండు స్పీకర్లను, కుర్చీని గది నట్టనడుమ అమర్చాడు. ఏ గోడకూ దగ్గర కాకుండా, నలుదిక్కులకూ సమదూరంలో ఉంటే చెవికి పక్షపాతం ఉండదని అతని నమ్మకం. దారం పట్టి కొలిచి మరీ కుర్చీ కాళ్ళ చోట నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాడు.

"ఏమిట్రా ఇది, శంకుస్థాపనా?" అన్నది పెద్దమ్మ గడపలోంచి.

"సమానంగా వినపడాలి పెద్దమ్మా. అదిగాక నీతో పనుంది. ఆఫీసులో నువ్వు ఫోనులో ఏమనేదానివో ఒకసారి అను."

"ఇప్పుడెందుకు?"

"అనవూ!"

పెద్దమ్మ పమిట సర్దుకున్నది. గొంతు సవరించుకున్నది. ఆ నిమిషంలో ఆమె వయసు ఎటో పోయి, నిటారైన, చల్లనైన, తడబాటెరుగని కంఠం ఒకటి బయటకు వచ్చింది. "లైనులో ఉండండి. కలుపుతున్నాను."

దరువు మైకు తెచ్చి ఆ రెండు మాటలను పట్టుకున్నాడు. అతని పాటకు ప్రాణం దొరికింది. డోలు దెబ్బ మీద, మంద్రం మీద, తెరలు తెరలుగా ఆ కంఠం వచ్చి పలకాలి. తన గొంతు పాటలోకి వెళ్తుందని విని పెద్దమ్మ "నాకేం తెలుసురా అవన్నీ" అన్నది గాని, ఆ సాయంత్రమే ఫోను చేసి ఇద్దరు మేనకోడళ్ళకు చెప్పింది.

పని సాగింది. డోలు కుదిరింది. కంఠం కుదిరింది. మంద్రం మాత్రం కుదరలేదు. కుర్చీలో కూర్చుని వింటే ఆ మంద్రస్వరం ఎక్కడో పాతాళంలో గొణుగుతున్నట్టు ఉన్నది. దరువు దాన్ని కాస్త పెంచాడు. చాలలేదు. మరికాస్త పెంచాడు. హెడ్‌ఫోనులో వింటే మాత్రం అది హోరుమన్నది. అయితే ఆ హెడ్‌ఫోను హాళ్ళ రొదలో వాడటానికి చేసినది, మంద్రాన్ని ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆ సంగతి వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. తెలిసినవాడు గనుకనే దరువు దాని సాక్ష్యాన్ని కొట్టివేశాడు.

గోడ మీద చప్పుడైంది. పెద్దమ్మ చేతికర్రతో కొడుతున్నది.

"ఒరేయ్! గ్లాసులో నా కట్టుడుపళ్ళు వణుకుతున్నాయిరా. అవి నా నోట్లో ఉన్నప్పుడు కూడా అంత వణకలేదు."

"పెద్దమ్మా, ఇక్కడ బేసే వినపడక నేను చస్తుంటే!"

"నీకు వినపడనిది నాకెట్లా వినపడుతోంది? ఇద్దరిలో ఒకరికి చెవుడు. అది నాకు కాదు."

"తలుపేసుకో పెద్దమ్మా."

"వేసుకునే ఉన్నాను. తలుపుకూడా వణుకుతోంది."

పెద్దవాళ్ళకు ఏ చప్పుడైనా ఎక్కువే అనుకుని దరువు ఆ మాటను పెడచెవిన పెట్టాడు. మంద్రాన్ని మరో మెట్టు ఎక్కించాడు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటే ఇప్పుడు అంతా సమంగా, ధర్మకాటాలో తూచినట్టు ఉన్నది. పాట పూర్తయింది.

ఆదివారం వచ్చింది. హాలు నిండుగా ఉన్నది. దరువు ఇతరుల పాటలతో జనాన్ని మెల్లగా వేడెక్కించి, అందరి అడుగులూ ఒక్కటైన వేళ తన పాటను లోపలికి వదిలాడు. అతుకు ఎప్పటిలాగే అద్భుతంగా పడింది. మంద్రం అందుకున్నది.

అంతే. వరద వచ్చి ఇంట్లో పడినట్టయింది. హాలులోని పెద్ద స్పీకర్లు గుర్రుమన్నాయి. కిటికీ రెక్కలు టపటపలాడాయి. డోలు దెబ్బ ఆ బురదలో కూరుకుపోయింది. పెద్దమ్మ కంఠం ఒక్కచోట "లై" అని తల ఎత్తి, మళ్ళీ మునిగిపోయింది. దరువు చేయి తనంత తానే మంద్రపు మరను కిందికి తిప్పింది. తిప్పగానే పాట డొల్లబోయి రేకుడబ్బాలో గులకరాళ్ళలా మోగింది. జనం తిట్టలేదు, అరవలేదు. ఆడటం మానేసి మంచినీళ్ళ బల్ల వైపు నడిచారు. డీజేకు అంతకు మించిన తిట్టు లేదు. దరువు తన పాటను సగంలో తుంచి, పాత పాట ఒకటి అందించాడు. జనం తిరిగి వచ్చారు. వాళ్ళు తిరిగి రావడమే అతన్ని ఎక్కువ బాధించింది.

"పాట అన్నావు, పునాదులు తవ్వే యంత్రం తెచ్చావేం బాబూ?" అన్నది హాలు ఇల్లాలు. ఆ తర్వాత అతని ముఖం చూసి కాస్త మెత్తబడింది. "అందులో ఏదో ఆడగొంతు వినపడబోయింది. ఎవరది?"

"మా పెద్దమ్మ."

"ఆవిడను ముంచేశావు కదయ్యా. సరే, వచ్చేవారం వెండిజుట్టు వంతు. ఆ పైవారం నీకు ఇంకొక్కసారి ఇస్తాను. ఆ తర్వాత నన్నడగొద్దు."

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ గడపలోనే కూర్చుని ఉన్నది.

"జనం నా గొంతు విన్నారట్రా?"

దరువు చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, "విన్నారు" అన్నాడు.

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"ఊఁ" అన్నది పెద్దమ్మ. ఇంకేమీ అడగలేదు.

తర్వాతి రోజులు అతడు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. తప్పు హాలుదన్నాడు. స్పీకర్లదన్నాడు. మళ్ళీ కుర్చీలో కూర్చుని వింటే పాట నిక్షేపంలా ఉన్నది. మంద్రం ఒక్క పిసరు తగ్గిస్తే ఆ కుర్చీలో అది మాయమైపోతున్నది. హాలుకు ఎక్కువ, గదికి తక్కువ. ఒకే పాట రెండు చోట్ల రెండు నాలుకలతో మాట్లాడుతుంటే మనిషి ఎవరిని నమ్మాలి? తన చెవులే చెడిపోయాయేమోనన్న అనుమానం మొదటిసారి అతనికి కలిగింది. చెవి పోతే గద్దె మాట దేవుడెరుగు, బతుకే లేదు.

వెండిజుట్టు వంతు ముగిసిన మరునాడు, దరువు తన గదిలో పాటను మోగుతుండగానే వదిలేసి, దువ్వెన కోసం పెద్దమ్మ గదిలోకి వెళ్ళాడు. ఆమె మధ్యాహ్నపు కునుకు కోసం పడుకున్నది గాని ఏదో తేడాగా ఉన్నది. ఎప్పుడూ గోడవైపు ఉండే తలగడ మంచం కాళ్ళవైపుకు వచ్చింది. కాళ్ళు గోడవైపు చాపుకుని, పళ్ళగ్లాసును కూడా ఇటువైపు స్టూలు మీదికి మార్చుకుని ఆమె నిశ్చింతగా ఉన్నది.

"ఇదేం పడక పెద్దమ్మా? తల ఇటు పెట్టావేం?"

"ఏం చెయ్యను? ఆ చివర నీ పాట ఉంది. ఈ చివర లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. డోలు వినపడుతోంది, నా గొంతు వినపడుతోంది. ఆ గేదె రంకె మాత్రం ఆ చివరే. ఒక్క మంచం పొడవులో తప్పించుకోవచ్చని ముందే తెలిస్తే ఇన్నాళ్ళు నా కర్ర అరగ్గొట్టుకునేదాన్నా?"

దరువు దువ్వెన సంగతి మరచి మంచం దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, కొంచెం లే."

"ఇప్పుడే కదరా నడుం వాల్చాను."

"లే పెద్దమ్మా, దండం పెడతాను."

ఆమె గొణుక్కుంటూ లేచి స్టూలు మీద కూర్చున్నది. దరువు మంచం మీద గోడవైపు తల పెట్టి పడుకున్నాడు. మంద్రం అతని పుర్రెలో హోరెత్తింది. లేచి, తిరిగి, కాళ్ళవైపు తల పెట్టాడు. హోరు ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టు పోయింది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. జ్వరం తగిలిన పిల్లవాడిలా అతడు మంచం మీద దొర్లుతుంటే పెద్దమ్మ "డాక్టరును పిలవనా?" అని అడిగింది.

అతడు తన గదికి పరుగెత్తాడు. నేల మీద గొంతుక్కూర్చుని ఒక మూలలో తల పెట్టాడు. అక్కడ మంద్రం నిండుకుండలా ఉన్నది. గోడ వెంట జరుగుతూ నడుమకు వచ్చాడు. అడుగడుగుకూ అది పలచబడుతూ వచ్చి, సుద్దగీతల దగ్గర, తాను దారం పట్టి కొలిచి నిలిపిన కుర్చీలో, సరిగ్గా అక్కడ, సున్న అయింది. లోతైన శబ్దం గదిలో నీటి అలలా గోడకూ గోడకూ మధ్య ఊగుతుంది. గోడల దగ్గర లేస్తుంది, నట్టనడుమ చస్తుంది. ఆ చచ్చిన చోటును వెతికి వెతికి, కొలిచి కొలిచి, తాను సింహాసనం వేసుకున్నాడు. చెవి చెడలేదు. హాలు అబద్ధమాడలేదు. హెడ్‌ఫోను నిజమే చెప్పింది. గోడ అవతల నుంచి కర్ర కూడా నిజమే చెప్పింది.

సుద్దగీతల మీద కూలబడి అతడు చాలాసేపు నవ్వాడు. పెద్దమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"పెద్దమ్మా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. హాల్లో నీ గొంతు ఎవరూ వినలేదు. నేనే ముంచేశాను."

"తెలుసు."

"ఎట్లా తెలుసు?"

"నువ్వు 'విన్నారు' అన్నప్పుడే నీ గొంతులో లైను తెగింది. నా ఉద్యోగం ఏమనుకున్నావు?" అని ఆమె గదంతా కలయజూసింది. "సరే, ఈ శంకుస్థాపన ఎత్తేస్తున్నావా, ఉంచుతున్నావా?"

ఎత్తేశాడు. బల్లను ఒక గోడవైపుకు జరిపి, కుర్చీని నడుమనుంచి తప్పించాడు. అక్కడ వింటే పాట తన అసలు రూపంలో కనబడి సిగ్గనిపించింది. మంద్రాన్ని మెట్టు మెట్టుగా దించాడు. ప్రతి మార్పుకూ లేచి వెళ్ళి వసారాలోంచి విన్నాడు, వంటగదిలోంచి విన్నాడు, పెద్దమ్మ మంచం మీద ఈ చివర విన్నాడు, ఆ చివర విన్నాడు.

"నన్ను పడుకోనిస్తావా, నువ్వే పడుకుంటావా?" అని ఆమె విసుక్కున్నది. చివరకు తలగడను తిరిగి గోడవైపు వేసుకుని పడుకుని, కాసేపు విని, "పళ్ళు కదలడం లేదు" అన్నది. ఇంకాసేపటికి గురక వినిపించింది. దరువుకు ఆ గురక కంటే గొప్ప మెచ్చుకోలు ఆ వారంలో మరొకటి దొరకలేదు.

దరువు రెండో వంతు వచ్చిన ఆదివారం పెద్దమ్మ తానూ వస్తానన్నది. హాలు ఇల్లాలు ఆమెకు గోడ పక్కన కుర్చీ వేయించింది. ఆమె దాన్ని రెండుసార్లు జరిపించుకుని గాని కూర్చోలేదు. వెండిజుట్టు కూడా వచ్చి చేతులు కట్టుకుని వెనుక నిలబడ్డాడు.

దరువు గద్దె ఎక్కేముందు ఒక పని చేశాడు. జనం రాకముందే పాటను మోగించి హాలంతా తిరిగాడు, మూలల్లో గొంతుక్కూర్చున్నాడు, తలుపుల దగ్గర ఆగాడు, నడుమ నిలబడ్డాడు. ఊడ్చే మనిషి "ఏం పోగొట్టుకున్నారు సార్?" అని అడిగాడు. "పోయింది, దొరికింది" అన్నాడు దరువు.

వేళ వచ్చినప్పుడు పాటను వదిలాడు. మంద్రం ఈసారి వరదలా రాలేదు. నేల కింద పారే కాలువలా వచ్చి పాదాలను తాకింది. డోలు దెబ్బ దాని మీద తేటగా నిలిచింది. మంచినీళ్ళ బల్ల వైపు ఇద్దరు నడిచారు. వాళ్ళు గ్లాసులు పట్టుకుని, ఆడుతూనే తిరిగి వచ్చారు. అప్పుడు అతడు డోలును ఆపి, ఒక్క క్షణం హాలంతా ఖాళీ చేసి, ఆ ఖాళీలోకి కంఠాన్ని పంపాడు.

"లైనులో ఉండండి. కలుపుతున్నాను."

డోలు తిరిగి పడింది. నేల అంతా ఒక్కసారిగా లేచి దిగింది. ఆ మాట నాలుగోసారి వచ్చేసరికి ముందు వరుసలోని నర్సులు దానితోపాటు పలికారు. పెద్దమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఏమీ పట్టనట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నది. అయితే ఆమె చేతికర్ర నేల మీద తాళం వేస్తున్నది. గోడ మీద పడిన అవే దెబ్బలు, ఈసారి లయలో పడుతున్నాయి.

దరువు ఆ పాటను చివరిదాకా నడిపాడు. ఎవరూ నేల వదిలి వెళ్ళలేదు.

"పైవారం తొందరగా రా" అన్నది హాలు ఇల్లాలు, అంతే. గద్దె ఇచ్చానని ఆమె వేరే చెప్పలేదు, అతడు వేరే అడగలేదు.

వెండిజుట్టు మాత్రం తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి వంగాడు. "అమ్మా, నా పాటకు కూడా రెండు మాటలు చెప్పిపెడతారా?"

"నేను ఒక్క ఎక్స్ఛేంజిలోనే పనిచేశాను నాయనా" అన్నది ఆమె. తర్వాత జాలిపడి, "ఆ జుట్టుకు రంగు మానేస్తే ఆలోచిస్తాను" అన్నది.

ఆ పాట తక్కిన హాళ్ళకు పాకింది. ఆ పైన దరువు మరెన్నో పాటలు చేశాడు, ఎన్నో ఊళ్ళు తిరిగాడు. కొన్ని పాటలు నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఎక్కడికి వెళ్ళినా వాయించేముందు మూలల్లో గొంతుక్కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. కుర్రవాళ్ళు నవ్వుకునేవారు. కొత్త ఇల్లు కొన్నప్పుడు కూడా పని గదిని ఎక్కడ పెట్టాలా అని చూడలేదు. ముందు పెద్దమ్మ మంచం ఎక్కడ వేయాలో చూసి, దానికి గోడ పక్క గదిని తనకు ఉంచుకున్నాడు.

ఈ కథ విన్నవారి చెవులకు ఆ వాణి నిండు వినికిడిని ప్రసాదించు గాక. వారు కూర్చున్న చోట వినపడనిది గోడ అవతలివారి నోటనైనా వారికి చేరు గాక. విసుగుతో పలికినా వారి మేలు కోరి పలికే పెద్దదిక్కు ప్రతి ఇంటా చిరకాలం చల్లగా ఉండు గాక.